‘ని’ పెట్టెలో పడ్డ ఉత్తరం

జనవరి 8

అక్కా,

నువ్వడిగిన ‘ని.’ సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే మిగతాది నువ్వు చదవవని నాకు తెలుసు. మా డిపోలో పొడి అక్షరాలకి కొదవ లేదు. టైమ్‌కీపర్‌గా నా చార్టులో ‘ని.’ అంటే నిమిషాలు. వర్క్‌షాపులో బస్సు అద్దం మీద సుద్దముక్కతో ‘ని.’ అని రాస్తే అది నిలిపేసిన బండి, రోడ్డెక్కదు. క్యాంటీన్ పుస్తకంలో ‘ని.’ అంటే నిల్వ సరుకు. యూనియన్ నోటీసులో ఒకాయన పేరు పక్కన ‘ని.’ ఉంటుంది, నిర్వాహకుడని. ఆయన రోజూ బోర్డు ముందు నిలబడి ఆ అక్షరాన్నీ చుక్కనీ చూసుకుని మురిసిపోతుంటాడు. చాలా? నీ నిఘంటువు చీటీల పెట్టె నిండిందా?

ఇప్పుడు నా గోడు విను. ఫోన్లో ఎందుకు చెప్పలేదంటావేమో. ఇల్లు రెండు గదులు. నీ మరదలికి మాట పోయింది గానీ చెవులు పోలేదు. నేను వరండాలో గుసగుసలాడినా లోపల గిన్నె చప్పుడు చేస్తుంది, వినపడుతోందని. అందుకే డిపోలో బస్టాండు వైపున్న నా కిటికీ పక్కన కూర్చుని, బస్సుకీ బస్సుకీ మధ్య రాస్తున్నాను.

అక్టోబరులో నువ్వొచ్చి ఆస్పత్రిలో వారం ఉన్నప్పుడు తనకి ఒక్క మాటైనా లేదు కదా. ఇప్పుడు వస్తున్నాయి, కానీ మొండి మాటలు. “టీ. వేడి. కప్పు, అక్కడ” అంటుంది. మెదడులో రక్తం ఆగినచోట మాటకీ మాటకీ మధ్య జిగురు పోయిందట, తెలివికి ఏ లోటూ లేదట. కుడిచెయ్యి ఇంకా బిగుసుకునే ఉంది. మాటలు నేర్పే టీచరమ్మ వారానికి రెండుసార్లు వస్తోంది. “మాట్లాడితేనే మాటొస్తుంది” అంటుంది ఆవిడ. నీ మరదలేమో ఎవరి ముందూ నోరు విప్పదు. మొన్న పక్కింటావిడ పలకరించడానికొస్తే లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. అక్కా, ఇరవై రెండేళ్లు ఆ బస్టాండు మైకులో మోగిన గొంతది! డ్రైవర్లందరూ “మైకమ్మ” అని పిలుచుకునే మనిషి. ఇరవై రెండేళ్ల ఉద్యోగిని.

సోమవారం మేనేజరు పిలిచాడు. ఒక కాగితం ఇచ్చాడు. తనని పాత టికెట్ల గదికి శాశ్వతంగా మార్చడానికి. హోదా అదే ఉంటుంది, కానీ మైకు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఏప్రిల్ 30 లోపల తేల్చాలట. తను పెన్ను పట్టలేదు కాబట్టి మొగుడిగా నా సంతకం చాలట. మేనేజరు చెడ్డవాడేం కాదు, పాపం తనూ నేలచూపులు చూస్తూనే ఇచ్చాడు. ఆ కాగితాన్ని నా టిఫిన్ సంచిలో దాచాను. తనకి చెప్పలేదు.

ఆమెని మైకు దగ్గరికి పంపే ధైర్యం లేని మనిషిని, టికెట్ల గదిలోకి పంపే మనసు రాని మనిషిని. ఏం చెయ్యను?

నువ్వు చెప్పు, అక్కా.

జవాబు కోసం పోస్టు సంచి వైపే చూస్తుండే,
తమ్ముడు

జనవరి 19

ఒరేయ్ బంగారుకొండా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నా కాళ్లు నేల మీద లేవు. “మాస్టారూ, ఒక్క వాక్యంలో ఐదు ‘ని’లు!” అని నేను అరిచిన అరుపుకి కింద లైబ్రరీలో చదువుకునేవాళ్లు పైకి చూశారట. పదకొండేళ్లుగా ఈ మేడ మీద గదిలో మాస్టారూ నేనూ నిఘంటువుకి చీటీలు రాస్తూ ఇప్పుడు ‘న’ దాకా వచ్చామా, ఇంత బతుకున్న వాక్యం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

చూడు. ‘ఆమెని’లో ఉన్నది మనం బడిలో నిన్, నున్, లన్, కూర్చి, గురించి అని వల్లెవేసిన ‘ని’. పని ఎవరి మీద పడిందో చెప్తుంది. ‘లేని’, ‘రాని’ వేరు, అవి కాదనేవి. ‘మనిషిని’ ఇంకా వేరు. నేను ఫలానా అని చెప్పుకునేటప్పుడు తగులుతుంది. దానికి ‘నేను’తో చుట్టరికం ఉందని పెద్దలు ఊహిస్తారు. అంటే మనం ఎవరమో చెప్పుకునేటప్పుడు ముందొకసారి, చివరొకసారి ‘నేను, నేను’ అంటామన్నమాట. అహంకారం మాటలోనే ఉందిరా! ఇక ‘ఉద్యోగిని’లో ఉన్నది సంస్కృతం నుంచి వచ్చిన ఆడ ‘ని’. నలుగురూ ఒకే చొక్కా తొడుక్కుని నా గది ముందు నిలబడ్డారు. ఎవరు ఎవరికి బంధువో, ఎవరు ఎవరికి ఏమీ కారో తేల్చాలి. పైగా నువ్వు పంపిన చుక్క ‘ని.’లు ఇంకో నాలుగు. తల ప్రాణం తోకకొస్తోంది, కానీ ఎంత బావుందో!

కత్తెర తీసి నీ ఉత్తరంలో ‘ని’ ఉన్న వాక్యాలన్నీ కత్తిరించి చీటీల మీద అంటించేశాను. కోప్పడకు. నా దగ్గర ఏ కాగితానికైనా అదే గతి.

మాస్టారికీ నాకూ ఒక్కచోటే పేచీ. ‘పుస్తకం చదివాను’ అంటామా, ‘పుస్తకాన్ని చదివాను’ అంటామా? ఆయన బడిపంతులు కదా, ‘ని’ ఉండి తీరాలంటాడు. నేనంటాను, లేనిచోట లేదని ఒప్పుకోవాలి. పోయినదాన్ని పట్టుదలకి పోయి మళ్లీ తగిలిస్తే వికారంగా ఉంటుంది. ఉన్నదాంతో హాయిగా నడుస్తున్నప్పుడు కదిలించడం దేనికి? నువ్వేమంటావు?

వర్క్‌షాపులో సుద్దతో రాసేది అందరూనా, ఒక్క మేస్త్రీయేనా? కనుక్కో. మిగతా సంగతులు తీరిగ్గా రాస్తాను. మరదలికి బలమైనవి పెట్టు.

చేతుల నిండా జిగురుతో,
అక్క

ఫిబ్రవరి 11

అక్కకి,

సుద్దతో రాసేది ఒక్క మేస్త్రీయే.

తీరిగ్గా రాస్తానన్న మిగతా సంగతుల కోసం మూడు వారాలు చూశాను. ఆ తర్వాత నీ ఉత్తరం మళ్లీ తీసి చదివితే, నువ్వు అప్పుడే చెప్పేశావని అర్థమైంది. చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు, కష్టమైన మాట ఎప్పుడూ సూటిగా చెప్పవు, ఏదో పాఠంలో కలిపి చెప్తావు. లేనిచోట లేదని ఒప్పుకోవాలి. పోయినదాన్ని పట్టుదలకి పోయి తగిలించకూడదు. ఉన్నదాంతో నడుస్తున్నప్పుడు కదిలించడం దేనికి. సరే. నువ్వు నాకంటే పెద్దదానివి, తెలిసినదానివి.

చదివినప్పుడు మనసు చివుక్కుమన్న మాట నిజం. తనంటే నీకు ప్రాణం కదా, ఇంకొంచెం మెత్తగా చెప్తావనుకున్నాను. పోనీలే. మార్చి ఒకటిన సంతకం పెట్టి ఇచ్చేస్తాను. తనకి ఎలా చెప్పాలో మాత్రం నీ పుస్తకాల్లో ఎక్కడా ఉండదనుకుంటా.

ఉంటాను.
తమ్ముడు

ఫిబ్రవరి 17

సంతకం పెట్టకు. పెట్టకు. పెట్టకు. ఇదే ఈ ఉత్తరానికి పలకరింపు, ఇదే సారాంశం. అర్థమైందా? ఇప్పుడు కూర్చుని మిగతాది చదువు.

మా గదిలో ఒక రూలుంది. చీటీ రాసినవాళ్లు దాన్ని పెట్టెలో వేయకూడదు. రెండో మనిషి పైకి చదవాలి, రాసినవాళ్లు వినాలి, చెవికి తప్పు తగలకపోతే అప్పుడు పెట్టెలోకి. మొన్న గురువారం మాస్టారు ‘ని’ చీటీలు చదువుతున్నాడు, బడిలో పాఠం చెప్పే గొంతుతో. “ఆమెని మైకు దగ్గరికి పంపే ధైర్యం లేని మనిషిని...” అని చదివి ఆగిపోయాడు. కళ్లజోడు తీశాడు.

“ఈయనెవరమ్మా?” అన్నాడు.

“ఎవరైతే ఏం మాస్టారూ, ఐదు ‘ని’లు చూడండి” అన్నాను.

“చూశానమ్మా. మనిషిని కూడా చూశాను. ఈయనకి ఎవరైనా జవాబు చెప్పారా?”

చీటీ వెనక్కి తిప్పితే నా చేతిరాతే. ‘తమ్ముడి ఉత్తరం, జనవరి 8’.  నీ ఉత్తరం నేను పెన్సిలు పట్టుకుని చదివాను, చెవులు పెట్టి చదవలేదు. అతికించిన ముక్కలన్నీ బల్ల మీద వరసగా పేర్చాను, మధ్యలో ఖాళీలు. చెత్తబుట్ట వెతికాను. మా ఊడ్చే ఆవిడ బద్ధకానికి నూరేళ్లు! నెల రోజుల కాగితాలూ అందులోనే ఉన్నాయి. అడుగున ఒక సన్నటి పీలిక దొరికింది. ‘నువ్వు చెప్పు, అక్కా.’ అందులో ఒక్క ‘ని’ కూడా లేదు. అందుకే పారేశాను.

కుర్చీలో కూర్చుని ఏడ్చాను. మాస్టారు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఇంటికొచ్చేసరికి నీ రెండో ఉత్తరం గుమ్మంలో పడుంది. ఒరేయ్ పిచ్చి సన్నాసీ, నేను పుస్తకం గురించి రాశానురా! ‘పుస్తకాన్ని’ గురించి! నీ పెళ్లాం గొంతు గురించి కాదు. అయినా తప్పు నీది కాదు. అడిగిన మనిషికి జవాబు చెప్పకుండా వ్యాకరణం చెప్పిన దాని తప్పు.

ఇప్పుడు సూటిగా చెప్తున్నాను, విను. ఆ సంతకం నీది కాదు. కాగితం తనకి చూపించు. ఏం చెయ్యాలో తను చెప్తుంది, మొండి మాటల్లోనే చెప్పనీ.

ఇంకో సంగతి. మాస్టారికి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్, మూడు నెలలు రాడు. నాకు చదివే మనిషి లేదు. పార్సిల్‌లో నలభై చీటీలు మరదలి పేరున పంపిస్తున్నాను. తను పైకి చదవాలి, తప్పుంటే గుర్తు పెట్టి పంపాలి. ఇది జాలి కాదు, చాకిరీ. వేలమంది ముందు పొల్లుపోకుండా చదివిన మనిషి నాకింకెక్కడ దొరుకుతుంది? మెల్లగా చదవడమే ఈ పనికి కావాల్సింది. తొందరపడేవాళ్లని మేం పెట్టుకోం.

నీ చెంపదెబ్బకి సిద్ధంగా ఉన్న,
అక్క

మార్చి 6

అక్కా,

నీకు మనసు పెద్దది, ఒప్పుకుంటా. బుర్ర మాత్రం ఎక్కడో పారేసుకున్నావు. ఆ నలభై చీటీల్లో నా ఉత్తరం ముక్కలు కూడా పంపేశావు కదే!

పార్సిల్ వచ్చేసరికి నేను డిపోలో ఉన్నాను. నీ ఉత్తరం అదే రోజు పొద్దున చేతికొచ్చింది. సాయంత్రం మెల్లగా చెప్దాం, కాగితం చూపిద్దాం అని మాటలు కూడబలుక్కుంటూ ఇంటికెళ్లాను. మంచం మీద చీటీలన్నీ కుప్పలుగా పరిచి ఉన్నాయి. తన చేతిలో ఒకటే ఉంది.

“కూర్చో” అంది.

కూర్చున్నాను. చదవడం మొదలుపెట్టింది. అక్టోబరు నుంచి నా ముందు అన్ని మాటలు వరసగా పలకడం అదే మొదలు. “ఆమె... మైకు... పంపు... ధైర్యం... లే... మనిషి.” ఒక్కో మాట కోసం పెదవులు ఎంత కష్టపడ్డాయో! మధ్యలో అందించబోతే ఎడమచెయ్యి ఎత్తి ఆపింది. చివరిదాకా చదివి, చీటీ తిప్పి వెనకాల ఉన్నది కూడా చదివింది. “తమ్ముడు. ఉత్తరం.” నా మొహంలోకి చూసింది. నాకు నేల చీలితే బావుండుననిపించింది.

తర్వాత చెయ్యి చాపింది. “సంచి.”

ఇంకో చీటీ మీద టిఫిన్ సంచి సంగతి కూడా అంటించావు కదా, మహాతల్లీ! ఇచ్చాను. కాగితం విప్పి రెండుసార్లు చదువుకుంది.  మడిచి ఇస్త్రీపెట్టె కింద పెట్టింది. “నా... నోరు” అంది. మళ్లీ, “నా... సంతకం” అంది.

ఆ తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. మాట రాక కాదు, మాట్లాడక. ఆ రెంటికీ తేడా ఎంతో ఇల్లంతా తెలిసింది. కూర నాకు వడ్డించి గరిట ఎంత గట్టిగా పెట్టేదంటే వీధిలోకి వినపడేది. నాకు నీ మీద ఒళ్లు మండిపోయింది. తిడుతూ ఒక ఉత్తరం రాసి చింపేశాను కూడా.

ఐదో రోజు డ్యూటీ నుంచి వస్తే తలుపు వేసుంది. లోపల్నుంచి గొంతు వినిపిస్తోంది. ఎవరొచ్చారా అనుకున్నాను. ఎవరూ లేరు. గోడకి చదివి వినిపిస్తోంది, నీ చీటీలు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఇంకా కోపంగానే ఉన్న,
తమ్ముడు

మార్చి 21

ఒరేయ్,

నా బుద్ధి గడ్డి తిన్నది. పెట్టెలో ఉన్నవి ఉన్నట్టు కట్ట కట్టి పంపాను, ఏమున్నాయో చూసుకోలేదు. నిన్ను నీ పెళ్లాం ముందు అలా నిలబెట్టినందుకు నన్ను ఎన్ని తిట్టినా పడతాను. కానీ తను “నా సంతకం” అందని చదివి, మా గదిలో ఒక్కదాన్నే లేచి నిలబడ్డానంటే నమ్ము.

నలభై చీటీలూ తిరిగొచ్చాయి. ఎడమచేత్తో రాసిన రాత, ఒక్కో అక్షరం వేరుశనగకాయంత. పదకొండు చీటీల మీద గుర్తులున్నాయి. పదకొండూ నిజమైన తప్పులే! రెండు మాస్టారు చదివి ఒప్పుకున్నవి. నువ్వు చెప్పిన నిమిషాల చీటీలోనూ తప్పు పట్టింది. ‘6 గం. 40 ని.’ పక్కన ఏం రాసిందో చూడు. ‘వదినా. ఇది సగం. నా చార్టు, ని. నిలుపు.’ మైకు గదిలో తన చార్టు మీద ఊరి పేరు పక్కన ‘ని.’ ఉంటే, అడిగితేనే అక్కడ బస్సు నిలుపుతారని అర్థమట కదా? నువ్వు టైమ్‌కీపర్‌వి, తను అనౌన్సరు, మధ్యలో ఒక్క గోడ. ఇన్నేళ్లలో ఒకరి చార్టు ఒకరు చూసుకోలేదా? సిగ్గులేదురా నీకు? అది ఇప్పుడు నా లెక్కలో తొమ్మిదో ‘ని’. చీటీ వెనకాల ‘మైకమ్మ చెప్పింది’ అని రాశాను.

మాస్టారికి కళ్లకి కట్టు కట్టారు. వెళ్లి తన దిద్దుబాట్లు చదివి వినిపించాను. తన తప్పులు రెండు పట్టుబడ్డాయని తెలిసి కాస్త చిన్నబుచ్చుకుని, “మనిషి గట్టిదమ్మా, వదలకు” అన్నాడు.

ఇంకో నూట ఇరవై పంపుతున్నాను. ఈసారి ఒక్కొక్కటే చూసి మరీ కట్టాను. ఇక మైకు తనదేలే, నాకు ఆ బెంగ తీరింది.

సగం బరువు దిగిన,
అక్క

ఏప్రిల్ 8

అక్కా,

నీకు బెంగ తీరిందన్నావు. నాకు తీరలేదు. చీటీ చదవడం వేరు, మైకు వేరు. దూరాన కూర్చుని తేలిగ్గా రాసేశావు.

చదువుతోంది, నిజమే. రోజూ పొద్దున ఇరవై. టీచరమ్మని ఇప్పుడు లోపలికి రానిస్తోంది. మాటల చివర్లు కొన్ని తిరిగొస్తున్నాయి, కొన్ని రావడం లేదు. నిన్న “కిటికీ... కిటికీని... మూయి” అంది. మొదట వదిలేసి, వెనక్కెళ్లి తెచ్చుకుంది. నేను మూయడం మర్చిపోయి నిలబడ్డాను. “మూయి!” అని మళ్లీ కసిరింది.

కానీ పోయినవారం ఏమైందో విను. బస్టాండుకి వస్తానంది. తీసుకెళ్లాను. టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. మైకులో కొత్తమ్మాయి చదువుతోంది, గబగబా, పిట్టలా, ఒక్క తప్పు లేకుండా. నీ మరదలు మూడు బస్సులు విన్నది. తర్వాత నా చొక్కా పట్టుకుని “ఇల్లు” అంది. నాలుగు రోజులు చీటీ ముట్టుకోలేదు. ఐదో రోజు లేచి ఒక కాగితం మీద గంటసేపు రాసి, కవరులో పెట్టి నాకిచ్చింది, మేనేజరుకివ్వమని. దారిలో తెరిచి చూశాను, తప్పే. ‘30వ తారీకు. నేను వస్తాను. ఒక్క బస్సు. తర్వాత సంతకం.’

మేనేజరు చదివి తల గోక్కున్నాడు. పొద్దున పది ఇరవైకి బయల్దేరే రేవు బస్సు ఇస్తానన్నాడు. అక్కా, ఆ టైములో బస్టాండు కిటకిటలాడుతుంది! ఎవడైనా నవ్వితే? సగంలో ఆగిపోతే?  నువ్వొచ్చి తన పక్కన కూర్చోవూ?

భయంతో,
తమ్ముడు

ఏప్రిల్ 15

తమ్ముడూ,

రాను.

రావాలని లేక కాదు, టికెట్టు కొని మరీ వెనక్కిచ్చేశాను. నేను పక్కనుంటే తను నాకోసం చదువుతుంది, నన్ను ఓదార్చడానికి చదువుతుంది. బెంగ తీరిందని రాయడం కూడా నా తొందరే. నాకూ భయమేరా. ఎవడైనా నవ్వొచ్చు. నవ్వితే ఆ టికెట్ల గది ఉండనే ఉంది, అప్పుడు తన చేత్తోనే సంతకం పెడుతుంది.

నువ్వు మాత్రం నీ కిటికీ దగ్గర నుంచి కదలకు. మైకు గదిలోకి పోకు. మాట అందించకు, చెయ్యి ఊపకు, దగ్గకు. ఎంతసేపు పట్టినా సరే. నీకు చేతనైన అతి కష్టమైన పని అదే, చేసి చూపించు.

ఏ దేవుడికి మొక్కాలో తెలియక అందరికీ మొక్కుతున్న,
అక్క

ఏప్రిల్ 30

అక్కా,

సాయంత్రం డ్యూటీ దిగి ఇంకా డిపోలోనే ఉన్నాను. 

పొద్దున నీలం చీర కట్టుకుంది. నాతో రాలేదు, ముందు బస్సులో ఒక్కతే వెళ్లింది. నేను నా కిటికీ దగ్గర కూర్చున్నాను. పది పద్దెనిమిదికి కొత్తమ్మాయి మైకు గదిలోంచి బయటికొచ్చి తలుపు మూసింది. పది ఇరవై అయింది. రేవు బస్సు ఇంజను స్టార్టు చేసి ఉంది, లోపల కిక్కిరిసి జనం. మైకు ‘కర్ర్’మంది. తర్వాత ఏమీ లేదు. ఊపిరి మాత్రం వినపడుతోంది, బస్టాండంతా. జనం తలెత్తి చూడటం మొదలుపెట్టారు. నేను బల్ల అంచు పట్టుకున్నాను, లేవలేదు. నీ మీద ఒట్టు, లేవలేదు.

“ప్రయాణికులు...” అంది. ఆగింది. “ప్రయాణికులకి.”

ఆ గొంతే అక్కా! మెల్లగా ఉంది, బొంగురుగా ఉంది, కానీ అదే గొంతు. టీ కొట్టువాడు పాలు పొంగుతున్నా అలాగే నిలబడిపోయాడు. “రేవు... రేవుకి వెళ్లే... బస్సు.” మళ్లీ ఆగింది. క్యూలో ఒక కుర్రాడు నవ్వాడు. నవ్వాడు, నిజమే, అబద్ధం ఎందుకు రాస్తాను. వాడి పక్కనున్న పెద్దావిడ ఏమందో గానీ నోరు మూసుకున్నాడు. “ఏడు... ఏడో ప్లాట్‌ఫారం... మీద... ఉంది.” ఇంక అయిపోయిందనుకున్నాను. కాలేదు. దారిలో వచ్చే ఊళ్లన్నీ చదివింది, ఒక్కోటీ, మొత్తం తొమ్మిది. రెండు చోట్ల తప్పు పలికి వెనక్కెళ్లి సరిచేసుకుంది. ఎక్కడా వదల్లేదు.

రేవు బస్సు డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆ చప్పుడులో తన మాట వినపడటం లేదని. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని వింటూ కూర్చున్నాడు. వెనకాల ఐదో నంబరువాడూ, ఎనిమిదో నంబరువాడూ కూడా ఆపేశారు. ఒక్కరూ హారన్ కొట్టలేదు, ఒక్కరూ దిగి ఇదేంటని అడగలేదు. అయిపోయాక రేవు బస్సు కదిలింది.

తను బయటికొచ్చి నేరుగా మేనేజరు గదిలోకెళ్లింది. నన్ను రానివ్వలేదు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. రేపటి నుంచి పొద్దున పూట మూడు బస్సులు తనవి, మిగతావి కొత్తమ్మాయివి. ఆరు నెలల తర్వాత మళ్లీ చూస్తారట. ఆ మార్పిడి కాగితం చింపలేదు, మేనేజరు బల్ల సొరుగులోనే ఉంది. ఇదింకా గెలుపు అనకు. నేనూ అనడం లేదు.

తర్వాత నా పని మిగిలింది. బస్సు ఆలస్యంగా కదిలితే టైమ్‌కీపరు రిజిస్టరులో కారణం రాసి సంతకం పెట్టాలి. ఇన్నేళ్లుగా రాస్తున్నాను, టైరు పంక్చరు, వాన, రోడ్డు మూసివేత. ఈరోజు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మేనేజరు వచ్చి భుజం మీంచి చూస్తూ నిలబడ్డాడు.  ఉన్నదున్నట్టు రాశాను.

రేవు బస్సు. ఆలస్యం నాలుగు నిమిషాలు. కారణం, అనౌన్సరు మాట్లాడుతున్నారు.

తమ్ముడు